శంఖం ఆగని బండి

పన్నెండుమంది చెక్కభజన కళాకారులను శవాల బండిలో ఎక్కించి తెచ్చిన ఘనుణ్ణి ఈ జిల్లాలో నేనొక్కడినే. పొరపాటున కాదు సుమా. తెలిసి, బేరమాడి, గెలిచి మరీ తెచ్చాను. ఆ మధ్యాహ్నం తర్వాత మా ఊళ్ళో పసిపిల్లలు నన్ను చూసి ఏడవడం మానడానికి ఏడాది పట్టింది.

మాది జువ్వలదిన్నె పక్కన సముద్రం ఒడ్డు ఊరు. మా నాయనది వలలూ తాళ్ళూ అమ్మే అంగడి. ఎండాకాలం రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఇసుక మీద ఆరుతుంటాయి. కొందరు మగవాళ్ళు పడమటి సముద్రంలో బోట్ల మీదికి కూలికి పోతారు. మిగిలినవాళ్ళం పొద్దుపోక వేసవి కళాసంబరాలు జరుపుకుంటాం. ఆ ఏడు ఉదయగిరి కొండల్లోని ఒక పల్లె నుంచి చెక్కభజనను పిలిచాం. అక్కడ యాభై ఇళ్ళు కూడా లేవు గాని, ఎండలు ముదిరితే రోజూ ఏదో ఒక ఆటే. వాళ్ళను తెచ్చే పూచీ నాది.

"బేరంలో నీ అంతోడు లేడబ్బయ్యా," అన్నాడు ఊరిపెద్ద పోలయ్యన్న. పూరీలా ఉబ్బాను.

అంగడి ఎదురింటి రాజమ్మక్కకు మాత్రం సంబరాలు పట్టలేదు. ఆమె మొగుడు వెంకటేసు పడమటి బోటులో ఉన్నాడు. నాలుగు రోజులుగా ఫోను పలకడం లేదు. బోటు ఓనరు నంబరు నా దగ్గరే ఉంది. "ఒక్కసారి చెయ్యబ్బయ్యా," అని ఆమె రోజూ అడిగేది. "రేపు చేస్తాలే అక్కా," అని నేను రోజూ అనేవాణ్ణి.

కావలిలో వ్యాన్లవాళ్ళు పెళ్ళిళ్ళ కాలమని నోటికొచ్చినంత అడిగారు. ఓ మూలన, పక్కన ఇంకే బండీ నిలపని తెల్లబండి ఒకటి కనిపించింది. నుదుటన 'వైకుంఠ రథం' అని అక్షరాలు.

"ఇది ఆ బండబ్బా," అన్నాడు డ్రైవరు సుబ్బరామన్న మొహమాటంగా.

"చూస్తాండా గదన్నా. ఈ పొద్దు ఎవురన్నా పోయినారా?"

"ఇంకా లేదు."

"అయితే ఊరికే నిలబడిన బండికి బాడుగేందన్నా? డీజిలు పోయిస్తా, పైన వెయ్యి."

"లోపల ఏసీ గూడా ఉండాది. ఒకటే తంటా. ఇంజను తిరిగినంతసేపూ శంఖం మోగతానే ఉంటాది. వైరు పీకించాలంటే మెకానిక్కుకు మూడొందలు."

"మోగనీ లేన్నా! సంబరాలకు సంగీతం ఊరికే వస్తాంటే వద్దంటామా?"

ఆ మూడు వందలు మిగిల్చినందుకు నన్ను పాత చెప్పుతో కొట్టాలి. అక్షరాల మీద 'వేసవి కళాసంబరాలు' అని ఫ్లెక్సీ కట్టించాను. అది సముద్రపు గాలికి ఊరి ముందే చిరిగి ఎగిరిపోయింది. నేను చూసుకోలేదు.

కొండపల్లెలో భజనవాళ్ళను వెనక ఎక్కించుకుని మిట్టమధ్యాహ్నానికి ఊళ్ళోకి వచ్చాం. ఇసుక తెల్లగా మండుతోంది. కుక్క కూడా మొరగలేదు. ఒక్కో గడపలోకి ఒక్కో ఆడమనిషి వచ్చి నిలబడింది. ఇదేదో స్వాగతమనుకుని నేను చెయ్యి ఊపాను కూడా. ఎవరూ ఊపలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే బండి తమ ముంగిటే ఆగుతుందన్నట్టు నోరు బిగించి చూస్తున్నారు. బండి ఒక ఇల్లు దాటగానే ఆ ఇంటామె గోడకు జారగిలబడేది, పక్కింటామె కొయ్యబారిపోయేది. శంఖం మోగుతూనే ఉంది. నా వీపు వెనక, ఉండుండి, ఘల్లుమని గజ్జెలు.

అప్పుడు అర్థమైంది నాకు. అప్పటికే బండి మా అంగడి ముందు ఆగింది. అంటే రాజమ్మక్క ఇంటి ముందు.

"అన్నా, ఇంజను ఆపు!"

"ఆపితే మళ్ళా నెట్టాలబ్బా!"

రాజమ్మక్క నడిచివచ్చి బండి మీద అరచెయ్యి ఆనించింది. "తలుపు తియ్యబ్బయ్యా. చూస్తా."

"అక్కా, లోపల భజనోళ్ళు..."

"భజనోళ్ళను గూడా నువ్వే పిలిపించినావా," అంది మెల్లగా. నాకు దండం పెట్టింది.

అంతలో లోపల్నుంచి దబదబా చప్పుడు. ఆ తలుపుకు లోపల గడియ లేదు. లోపలివాళ్ళు తీసుకోవలసిన అవసరం అందులో అంతవరకూ ఎవరికీ రాలేదు మరి!

తీశాను. తెల్ల పంచెలు, పౌడరు ముఖాలు, చలికి నీలంగా మారిన పెదాలు. పన్నెండుమందీ వరసగా, కాళ్ళు బిగుసుకుపోయి, ఘల్లుఘల్లుమంటూ దిగారు. గురువు ఓబయ్యగారు పళ్ళు టకటకలాడిస్తూ, "టీ... టీ దొరకతాదా నాయనా?" అన్నారు. వీధి మొత్తం ఒక్క కేక పెట్టింది. పోలయ్యన్న పరిగెత్తి పడవెక్కాడు.

రాజమ్మక్క కదల్లేదు. పన్నెండు ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. ఖాళీ బండిలోకి వంగి చూసింది. తర్వాత నా చొక్కా పట్టుకుంది.

"ఆయనేడి?"

"తెలీదక్కా."

"ఫోను చెయ్యి. అందరూ చూస్తుండంగా చెయ్యి."

ఓనరు ఎత్తాడు, పిలుస్తానన్నాడు. ఆ కాసేపూ శంఖం మోగుతూనే ఉంది. చివరికి స్పీకరులో వెంకటేసు గొంతు: "హలో?" అక్కకు మాట పెగల్లేదు. "ఎవురు? ఆ శంఖమేంది? రాజమ్మకేమన్నా అయిందా? నోరు తెరువురా!" అంటూ అంత మనిషీ బావురుమన్నాడు.

"నేను బాగానే ఉండా. నీ ఫోనేడి?"

"సముద్రంలో పడిపొయ్యిందే."

"నువ్వు పడలా గదా. చాల్లే," అని ఇసుకలో కూలబడి నవ్వింది రాజమ్మక్క. ఆ నవ్వు శంఖం కన్నా భయంగా ఉంది.

ఆ బండి వచ్చిన వీధి కడగాలి, చూసినవాళ్ళంతా తలకు పోసుకోవాలి. అప్పటిదాకా పందిట్లోకి ఎవరూ రారు. మా ఊరికి నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. ఊరందరికీ, భజనోళ్ళతో సహా, బిందెలు మోసింది నేనే. సాయంత్రం తడిజుట్టుతోనే ఆడారు మహానుభావులు, ఇసుక అదిరేలా.

ఊపిరి ఉన్నంతవరకూ అలాంటి బండి మెట్టు తొక్కనని సముద్రం సాక్షిగా ఒట్టు. ఊపిరి పోయాక ఎలాగూ నన్నెవరూ అడగరు.

ఇక లెక్క, దాచకుండా. బండి మీద మిగిలింది రెండు వేలు, శంఖం మీద మూడు వందలు. మూడు ట్యాంకర్ల నీళ్ళకు, పసుపుకు, బండి నెట్టినవాళ్ళ సోడాలకు పోయింది నాలుగు వేల ఆరు వందలు. రాజమ్మక్కకు ఎంత కట్టాలో తెలియక ఆమెనే అడిగాను.

"ఒక ఫోను. నాలుగు దినాల ముందు చెయ్యాల్సింది," అంది.

నేను విన్న ధరల్లో అంత తక్కువది లేదు. అదొక్కటే ఇవ్వలేకపోయాను.