సన్యాసమ్మ గెలిచిన తగువు

పలాసలో మందుల కొట్టు శ్యాంసుందర్ నొప్పి బిళ్ళలు ఇవ్వనన్న రోజున సన్యాసమ్మ నోరు చూడాలి. బజారు బజారంతా నిలబడి విన్నది.

"డాక్టరు సీటీ కావాలా నీకు? కుర్చీలో కూకుని అమ్ముకున్నోడివి, నీకేటి తెలుసు? నాలుగు రోజులు జీడిపిక్కలు కొట్టి సూడు. అప్పుడు నీ నడుం రాసిస్తాది సీటీ!"

"కడుపులో పుండు పడతాదమ్మా. రక్తం కక్కుకుంటావు."

"కక్కితే నీ కొట్టు ముందు కక్కనులే. ఇయ్యి!"

ఇచ్చాడు. పక్కనున్న బొడ్డమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జీడి షెడ్డులో ఇద్దరివీ పక్కపక్క పీటలు. అడిగి తెచ్చుకునే నోరు బొడ్డమ్మకు లేదు గనుక, ఆనాటి నుంచి సన్యాసమ్మ రేకు డబ్బాలోని బిళ్ళలే ఆమెకూ దిక్కయ్యాయి. డబ్బా గలగలమంటే చెయ్యి చాపేది.

రెండేళ్ళు గడిచాయి. సన్యాసమ్మకు విరేచనం తారులా నల్లగా అవడం మొదలైంది.

"జీడి నూనెలే. సేతులకున్నది అన్నంలో కలిసి లోపలికి పోతంది," అని తేల్చేసింది. ఆమె తేలిస్తే ఇక తిరుగు లేదు. ఇద్దరూ బూడిదతో చేతులు తోలు ఊడేలా తోముకున్నారు. చేతులు తెల్లబడ్డాయి. లోపలి నలుపు మాత్రం పోలేదు.

ఆ సోమవారం పిక్క కొడుతూనే సన్యాసమ్మ పక్కకు ఒరిగి, కాఫీ పొడి కలిపినట్టున్న రక్తం కక్కింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "నొప్పి మాత్రలు ఏమైనా వాడావా అమ్మా?"

"నేదు," అంది, పాలిపోయిన పెదవులతో. శ్యాంసుందర్ మాటే నెగ్గిందని ఒప్పుకోవడం చచ్చినా ఆమె వల్ల కాదు.

డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళింది. బొడ్డమ్మ తలాపున నిలబడింది. షెడ్డు నుంచి తెచ్చిన డబ్బా రొంటిన ఉంది. ఊపిరి తీస్తే చాలు, గలగల. రెండేళ్ళుగా హాయిగా విన్న చప్పుడే. ఇప్పుడు వినపడకుండా డబ్బాను చేత్తో అదిమి పట్టుకుంది.

సన్యాసమ్మ కళ్ళు తెరిచింది. సీసాలోంచి ఎవరిదో రక్తం ఆమె చేతిలోకి బొట్టుబొట్టుగా దిగుతోంది.

"ఒలే బొడ్డీ. నీకూ నల్లగానే అవతంది కదూ?"

బొడ్డమ్మ తల దించుకుంది. తను ఎవరికీ చెప్పలేదు, ఈమెకెలా తెలిసిందో.

"ఎంత తోమినా పోనేదు కదే. నాను సెప్పనేను, ఆ కొట్టోడికి లోకువైపోతాను. ఆ డబ్బా అట్టుకెళ్ళి డాక్టరమ్మ సేతిలో ఎట్టు. ఇద్దరం తిన్నామని సెప్పు."