ఇరవై డిగ్రీల నీళ్ళు

రాయపూర్ రైల్వే కాలనీలో భీమారావు చెయ్యంటే పెద్ద పేరు. పలాస నుంచి తండ్రి వెంట చిన్నప్పుడే వచ్చి, పెద్దయ్యాక క్యారేజీ షెడ్డులో చేరి, ముప్పై ఏళ్ళు ఆగిన బళ్ళ ఇరుసుల మీద అరచెయ్యి ఆన్చి వేడి చూశాడు. "ఇది కాలతంది, ఈ పెట్టె తప్పించండి" అన్నాడంటే ఇంక దానికి తిరుగులేదు. అంతటివాడూ ఇంట్లో ఫిల్ము కడిగేటప్పుడు మాత్రం తన చేతిని నమ్మేవాడు కాదు, థర్మామీటరునే నమ్మేవాడు.

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కడగడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. మందునీళ్ళు ఇరవై డిగ్రీలుండాలి. ఆ తరవాత పోసే నీళ్ళూ అంతే ఉండాలి. నానిన ఫిల్ము మీద పూత పాలమీగడలా ఉంటుంది, ఒక్కసారిగా వేడి తగిలితే ముడతలు పడి చిట్లిపోతుంది. రాయపూర్ కుళాయి ఇరవైకి దిగేది నడిచలికాలంలోనే. అందుకే ఏడాదంతా తీసిన రీళ్ళు అప్పటిదాకా డబ్బాలో ఉండేవి.

ఒక్క రీలు మాత్రం ఎనిమిది చలికాలాలు దాటినా కడగలేదు. తెలీబంధా చెరువు గట్టు మీద కూతురు చాందినిని తీసిన రీలది. తీసిన వారానికే పిల్ల మెదడువాపుతో పోయింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. కెమెరా చూస్తే పారిపోయేది కనక, మూడేళ్ళప్పటి ఫొటో తప్ప ఇంట్లో ఆ పిల్ల మొహం ఇంకెక్కడా లేదు. ప్రతి చలికాలం భీమారావు ఆ ఒక్కదాన్నీ పక్కకి జరిపి మిగతావి కడిగేవాడు.

రెండు వేల పదకొండు మే నెలలో ఆయన భార్య సుభద్రకి కళ్ళల్లో నీటికాసులన్నారు. ఉన్న చూపు దసరా దాకా నిలిస్తే గొప్పేనన్నాడు డాక్టరు.

"చలికాలం దాకా ఆగడాన్కి నాకు కళ్ళుండాల కదా," అంది సుభద్ర. "పిల్ల మొగం ఓపాలి సూపించండి. సాలు."

మర్నాడు భన్‌పురి నుంచి ఐసు దిమ్మ గోనెలో చుట్టి తెచ్చాడు. గేటు దగ్గర పక్కింటి అమ్మిరాజు ఆపాడు.

"ఏటి బావా, పెళ్ళి శర్బత్తా?"

"ఫిల్ము కడగాలి."

"నలభై ఐదు డిగ్రీల్లోనా? దిమాగ్ గానీ పాడయ్యిందేటి?"

భీమారావు దిమ్మని భుజానికెత్తుకుని లోపలికి నడిచాడు.

బకెట్టు నీళ్ళలో ఐసు ముక్కలు వేసి, ఇరవైకి తెచ్చి, మూతపెట్టి స్నానాలగది గుమ్మం పక్కన ఉంచాడు. లోపల తలుపేసుకుని, ఫిల్ముని కడిగే డబ్బాలోకి ఎక్కించి, మందు పోసి, దాన్ని ఐసు పళ్ళెంలో పెట్టి అరగంట తిప్పాడు. మందు ఇరవై దాటలేదు. వేళ్ళు కొయ్యముక్కలయ్యాయి. మందుపని అంతా అయ్యాక తలుపు ఓరగా తీసి బకెట్టు లోపలికి లాక్కున్నాడు. మూత తీసి డబ్బాలో చెంబుతో పోస్తుంటే చేతికి వెచ్చగా తగిలింది.

ఐసులో నానిన చెయ్యి, దీనికి ఏ నీళ్ళయినా వెచ్చగానే ఉంటాయి అనుకున్నాడు. తను కొలిచి పెట్టిన నీళ్ళే కదా. థర్మామీటరు చేతికందే దూరంలోనే ఉంది. తియ్యలేదు.

ఫిల్ము విప్పి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. పిల్ల ఉంది, నవ్వుతోంది. కానీ మొహం నిండా, చెరువు నిండా, ఆకాశం నిండా ఎండిన చేనులా నెర్రెలు.

బయట కూలర్ నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్న చప్పుడు.

"సల్లగాలి వస్తందేటండీ?" సుభద్ర గుమ్మంలోంచి అడిగింది. "లోపల ఉడికిపోతన్నారని, మీ బకెట్టు నీళ్ళు కూలర్లో పోసీసేను."

"మళ్ళీ కుళాయి పట్టేవా?"

"మరి? బకెట్టు ఖాలీగా ఒగ్గీస్తామేటి, నీళ్ళు పోయే యేళకి?"

మిద్దె మీది ట్యాంకు నీళ్ళు. పొద్దున్నుంచీ ఎండలో కాగినవి. భీమారావు ఫిల్ముని ఆరడానికి తీగకి తగిలించాడు.

మర్నాడు అచ్చు వేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఫొటోని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, చాలాసేపు చూసింది.

"మొగం నిండా ఈ గీతలేటండీ?"

"ఫిల్ము ముసిల్దయిపోనాది. అంతే."

సుభద్ర ఆయనకేసి తిరిగింది. ఆ చూపుకి ఆయన మొహం ఎంత కనిపించిందో ఏమో. ఫొటో కొంగులో చుట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి కూలర్ స్విచ్చి ఆపేసింది.

ఆ వేసవంతా మళ్ళీ వెయ్యనివ్వలేదు.