నలభై రెండు సూదులు

ఖిదిర్‌పూర్ రేవు గేటుకి ఎదురుగా, ఒక ఇరుకు సందులో చిన్న ధర్మాసుపత్రి ఉండేది. అందులో డోర్కాస్ ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేసింది. కాకినాడ మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుంది. షాలిమార్ యార్డులో రైల్వే పని చేసే దయారత్నాన్ని పెళ్లాడి కలకత్తా వచ్చింది. బెంగాలీలు ఆమెను దీదీ అనేవారు. రేవులో బస్తాలు మోసే శ్రీకాకుళం వాళ్లకి మాత్రం ఆమె నర్సమ్మ.

ఆ ఆసుపత్రి డాక్టరు సన్యాల్ బాబుది మొండి పద్ధతి. ఒళ్లు వెచ్చబడితే చాలు పెన్సిలిన్ పొడిచే డాక్టర్లు ప్రతి వీధిలోనూ ఉన్న రోజులవి. ఆయన మాత్రం జ్వరానికి రక్తం చూడాలనేవాడు, దగ్గుకి గళ్ళ, అంటే దగ్గితే పడే కఫం, చూడాలనేవాడు. చూశాకే మందు. కూలీలకిది నచ్చేది కాదు. "సూదెయ్యకుండా పంపేత్తాడు, ఇతనేటి డాక్టరు?" అని సణిగేవారు. డోర్కాస్‌కి మాత్రం ఆ మొండితనం మీద గురి. మైక్రోస్కోపు అద్దం కింద కనిపించినది అబద్ధమాడదని నమ్మింది. అద్దం కిందికి వచ్చేది ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఆమె అప్పటికి ఆలోచించలేదు.

1963 చలికాలంలో పోలయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, గట్టి మనిషి. మూడు నెలలుగా దగ్గు. టీబీ అనుమానంతో డాక్టరు మూత ఉన్న చిన్న డబ్బా ఇప్పించాడు.

"పొద్దున్న లేవగానే, మొహం కడక్కముందే, లోపల్నుంచి దగ్గి ఇందులో ఉమ్మి తీసుకురా" అంది డోర్కాస్.

"ఉమ్ము సూసి ఏటి సెప్తారు నర్సమ్మా, జాతకమా?"

"జాతకం కంటే నయంగానే చెబుతాం. రేపు మర్చిపోకు."

మర్నాడు డబ్బా వచ్చింది. అద్దం కింద నీలిరంగు మీద ఎర్రటి పుల్లల్లాంటి క్రిములు గుంపులు గుంపులుగా కనిపించాయి. టీబీయే. ఎక్స్‌రే తీయించాలంటే పెద్దాసుపత్రిలో ఒక రోజంతా నిలబడాలి. రోజు పోతే పని పోతుందన్నాడు పోలయ్య. ఇన్ని క్రిములు కళ్ల ముందుండగా ఎక్స్‌రే ఎందుకులే అనుకున్నాడు డాక్టరు. ఆయన తన పద్ధతి నుంచి తానే ఒక మెట్టు దిగిన రోజది. రోజుకో స్ట్రెప్టోమైసిన్ సూది, దానికి తోడు మాత్రలు. పోలయ్య సాయంత్రం పని దిగాక వచ్చేవాడు, డోర్కాస్ సూది వేసేది. మేస్త్రీ చెవిన పడకుండా ఆ సంగతి రహస్యంగా ఉంచింది.

రహస్యం ఎందుకంటే, ఆ రేవులో టీబీ అన్న మాట వినబడితే మేస్త్రీ పేరు కొట్టేసేవాడు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. పడవ నుంచి గట్టుకి వేసిన పలక మీద పెద్ద బస్తాని ఇద్దరు మోస్తారు, ముందొకడు, వెనకొకడు. పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు మేస్త్రీ పేర్లు జోడీలుగానే పిలుస్తాడు. ఒకడి పేరు పోతే రెండోవాడూ ఇంటికే. రోగం ఒకడిది, ఆకలి ఇద్దరిది. రోగిని దాక్కోమని చెప్పే పద్ధతి ఇంతకంటే ఏముంటుంది? ఆ దాక్కున్న రోగం పది మంది పడుకునే గదిలో ఎవరి పక్కలోకి పోతుందో ఓడల కంపెనీలకి అక్కర్లేదు.

ఆరు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం పోలయ్య గోడ పట్టుకుని లోపలికొచ్చాడు.

"నర్సమ్మా, పలక ఊగతంది."

"పలక ఊగక ఏం చేస్తుంది?"

"అది కాదు. నేల కూడా ఊగతంది. నిన్న బస్తాతో పాటు నీళ్లల్లో పడిపోబోయేను. బైరాగి ఎనకనుంచి నిలబెట్టేడు."

డాక్టరు అతన్ని కాళ్లు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. మూసుకోగానే పోలయ్య ఒక పక్కకి ఒరిగిపోయాడు. ఆ సూది కొందరికి చెవి లోపల తూకం నిలిపే చోటుని పాడుచేస్తుందని డాక్టరుకి తెలుసు. వెంటనే సూది ఆపించాడు. ఇన్నాళ్లూ అడగాల్సిన ప్రశ్నలు అప్పుడు వరసగా అడిగాడు. జ్వరం రాలేదు. బరువు తగ్గలేదు. దగ్గు మాత్రం మొదట్లో ఎంతుందో ఇప్పుడూ అంతే.

"ఏ రోజైనా దగ్గు తగ్గుతుందా?" డోర్కాస్ అడిగింది.

"గోధుమల పడవ నేని రోజు ఉండదమ్మా. ఆదోరం అస్సలుండదు."

డోర్కాస్ డాక్టరు వైపు చూసింది. ఆయన మర్నాడే చీటీ రాసి ఎక్స్‌రేకి పంపాడు. ఊపిరితిత్తుల్లో ఒక్క మచ్చ లేదు. అన్ని క్రిములున్న మనిషి ఛాతీ అంత శుభ్రంగా ఉండదు. అతనిది గోధుమ దుమ్ము తెచ్చిన ఉబ్బసం దగ్గు. మరి ఆ డబ్బాలోని గళ్ళ?

డోర్కాస్ ఆదివారం ప్రార్థన అయ్యాక తిన్నగా కూలీల బస్తీకి వెళ్లింది. పోలయ్య, అతని జోడీ బైరాగి అరుగు మీద కూర్చుని ఉన్నారు. బైరాగి భార్య అప్పలకొండమ్మ చంటిపిల్లకి పాలిస్తోంది.

"డబ్బాలో ఉమ్మింది ఎవరు?"

పోలయ్య తల దించుకున్నాడు. బైరాగే చెప్పాడు.

"నేనే నర్సమ్మా. ఈడికి టీబీ అని తేలితే ఇద్దరం పోతాం గదా. నాకు దగ్గు నేదు, మంచి ఉమ్ము ఇత్తాను అన్నాను."

"మరి రోగం ఉందని తేలాక? అప్పుడైనా చెప్పొద్దా?"

"దగ్గేది ఆడు. రోగం ఆడిదే అనుకున్నాం. ఒకే పళ్లెంలో తింటాం, ఆడిదే నా గొంతులో అంటుకుందేమో అనుకున్నాం."

అప్పలకొండమ్మ పిల్లని గబుక్కున రొమ్ము నుంచి తీసేసింది. "ఓలమ్మో! రేతిరి దగ్గుతా, ఒళ్లు తడిసిపోయి లేత్తన్నాడమ్మా. రెండు నెల్లయింది. బీడీ దగ్గే, నోరుమూసుకోయే అంటాడు."

"నువ్వు పాలు ఆపకు, పిల్లనీ తీసుకురా, చూస్తాం" అంది డోర్కాస్. పోలయ్య వైపు మాత్రం ఆమె చూడలేకపోయింది. లేని రోగానికి నలభై రెండు సూదులు. ప్రతి ఒక్కటీ ఆమె చేత్తోనే వేసింది.

మర్నాడు బైరాగి ఆమె కళ్లెదుటే దగ్గి ఉమ్మాడు. నీలం మీద మళ్లీ అవే ఎర్రటి పుల్లలు.

ఈసారి డోర్కాస్ దాచలేదు. బైరాగి మందు తింటాడు, పేరు కొట్టెయ్యొద్దని డాక్టరు రాసిన కాగితం పట్టుకుని హాజరు వేళకి గేటు దగ్గరికి వెళ్లింది. మేస్త్రీ గవరయ్య కాగితం ముట్టుకోలేదు.

"టీబీ వోడిని గేంగులో ఉంచితే నాకు ఉరేగదా నర్సమ్మా! ఒకడికి టీబీ, ఒకడికి తలతిరుగుడు. జోడీ బాగానే కుదిరింది."

"మద్రాసులో రోగుల్ని ఇంట్లోనే ఉంచి మందులిచ్చి చూశారు. నయమైంది. ఆసుపత్రిలో పెట్టినవాళ్ల ఇంటివాళ్ల కంటే వీళ్ల ఇంటివాళ్లకి ఎక్కువగా అంటుకోలేదు. మందు తినేవాడితో నీకు భయం లేదు గవరయ్యా. నీకు భయపడి మందు తినకుండా ఇక్కడ నిలబడ్డవాడితో ఉంది. ఎంతమందున్నారో చెప్పగలవా?"

గవరయ్య వరసలో నిలబడ్డవాళ్ల కేసి చూశాడు. వాళ్లలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఎవ్వరూ పలక ఎక్కలేదు.

"రెండు నెల్లు మందు తిన్నాక రమ్మనండి" అన్నాడు చివరికి.

"పోలయ్య?"

"పలక మీద నడవనేనోడు నాకెందుకమ్మా?"

డోర్కాస్ కాగితం మడిచి పట్టుకుని వెనక్కి తిరిగింది.

బైరాగికి క్రిములు పోయాయి, కొత్త జోడీ దొరికాడు; మందు మాత్రం ఇంకా చాలా నెలలు తినాల్సి ఉంది. ఆ గ్యాంగులో మరో ఇద్దరు వాళ్లంతట వాళ్లే వచ్చి ఆమె ఎదుట ఉమ్మారు. ఇరవైమంది గ్యాంగులో ఇద్దరే వచ్చారని ఆమె బాధపడేది. పోలయ్య గోదాంలో చిరిగిన గోనెలు కుట్టే పనిలో కుదిరాడు. దుమ్ము అక్కడా ఉంది.

వానలు పట్టాక ఒకరోజు డోర్కాస్ అతనికి ఉబ్బసం మాత్రలు ఇవ్వడానికి వెళ్లింది. పోలయ్య దబ్బనం పక్కన పెట్టి అడిగాడు.

"ఈ ఊగుడు ఎప్పుడు పోద్ది నర్సమ్మా?"

తగ్గిపోతుందిలే అని ఆమె ఎంతమందికో చెప్పింది. ఇతనికి చెప్పలేకపోయింది.

"కొంత తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని నేను చెప్పలేను. చీకట్లో నడవకు. తప్పు మాది పోలయ్యా. ఎక్స్‌రే ముందే తీయించాల్సింది."

పోలయ్య ఒళ్లోని గోనె చిరుగుని రెండు వేళ్లతో దగ్గరికి లాగాడు.

"బైరాగిగాడు మందుకి రోజూ వత్తన్నాడా?"

"వస్తున్నాడు."

"ఒంట్లో బాగుందని మానేత్తాడు ఆడు, నాకు తెల్దా? ఒక్కరోజు రాకపోయినా నాకు కబురెట్టండి" అని దబ్బనం అందుకున్నాడు.