వదిన పథ్యంపై నా వాదం

అరవైల తొలినాళ్లలో, నెల్లూరు కాలేజీ చర్చావేదిక మీద, ప్రత్యర్థి మాటతోనే ప్రత్యర్థిని ఓడించడం నేర్చుకున్నాను. ఆ విద్య నిజంగా అక్కరకొచ్చింది మాత్రం ఇందుకూరుపేటలో, మా వంటింట్లో.

అన్న తొలిబిడ్డ ఏడాది నిండకముందే, కుడి డొక్క కింద కాలేయం ఉబ్బి గట్టిపడి, కళ్లు పచ్చబడి ప్రాణం విడిచింది. ఆ జబ్బును మా వైపు ‘బల్ల’ అంటారు. వదిన మళ్లీ కడుపుతో ఉంది. నాయన తల్లి, మా అవ్వ, ఆమె కంచంలోంచి పప్పు, గుడ్డు, చేప అన్నీ తీసేసింది. రాత్రికి గంజి మాత్రమే. బిడ్డ లావైతే కాన్పు కష్టమని ఒక భయం; తల్లి తిండి వేడిచేసి బిడ్డకు బల్ల కడుతుందని అంతకంటే పెద్ద భయం. సెలవులకు వచ్చిన నేను, చెంపలు లోతుకుపోయిన వదినను చూసి ఊరుకోలేకపోయాను.

“అవ్వా, తొలికాన్పుకు వదిన చేపలు తినిందా?”

“నేనుండంగా ఎట్ట తింటాది? మెతుకు లెక్కబెట్టి పెట్టినా.”

“మరి ఆ బిడ్డకి బల్ల యాడ్నించి వచ్చింది?”

అవ్వ గరిటె నా మీదికి ఎత్తింది. “తల్లి తినేదే బిడ్డకి పోద్దే, కాలేజీదానా!”

“నేనూ అదే అంటుండా. తల్లి తినకపోతే బిడ్డకి ఏం పోద్ది?”

“చదువుకి నోరొక్కటే పెరిగింది దీనికి,” అని అవ్వ గొణిగింది. కానీ మర్నాడు మైపాడు చేపల గంప వాకిట దిగినప్పుడు, మంచి చేప ఎంచింది తనే. పులుసు కంచంలో వడ్డించి, “చూస్తుండావేంది? తిను మే,” అని వదినను గదమాయించింది.

తల్లి ఆహారమూ, ఆమె ఒంట్లో ఊరే హార్మోన్లూ గర్భస్థ శిశువు కాలేయాన్ని ప్రభావితం చేస్తాయని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ తర్వాత మా ఇంట జరిగిన మేలు ఆ తిండి వల్లనేనని నిరూపించే సాక్ష్యం నా దగ్గర లేదు. లేదని ఒప్పుకోవడమూ వాదధర్మమే.

మేనకోడలు పుట్టింది. ఏడాది దాటేదాకా ఇంటిల్లిపాది చేతులూ ఆ పొట్ట మీదే. చివరికి డాక్టరమ్మ డొక్క కింద వేళ్లతో నొక్కి చూసింది. పాప ఆమెను కాలితో తన్నింది.

“బల్లా లేదు, గిల్లా లేదు. తీసుకుపోండి ఈ రౌడీని!”

వదిన పాపను ఎదకు హత్తుకుంది.

ఆ వారమే పక్కింటి సాయబుల కోడలు నెల తప్పిందని తెలిసి, అవ్వ గోడ మీదుగా పప్పు గిన్నె అందించింది. “పత్యాలని ఆ పిల్లని మాడ్చబాకండి అక్కా, మా ఇంట్లో చూసినాం గదా,” అంటూ ఆ పిల్ల అత్తగారితో వాదానికి దిగింది. గెలిచిందాకా గోడ దగ్గర్నుంచి కదల్లేదు.