ఫోటోలో లేని కర్ర

నాకు చూపు లేదు. ఫోన్‌కి ఏ మెసేజ్ వచ్చినా అదే పైకి చదివి వినిపిస్తుంది. ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకుంటానంటే, పక్కన కూర్చున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. గరివిడిలో మాది రెండు గదుల ఇల్లు. అన్నయ్య, వదిన, నేను. తలుపేసుకోవడానికి నాకంటూ గది లేదు, ఆ వేగమే నా తలుపు.

"ఏటలా గడగడా వాగేస్తన్నాది? నీ ఫోనుకి పూనకమొచ్చిందేటి?" అనేది వదిన.

"నీకెందుకు వదినా, కూర మాడిపోతాది సూసుకో," అనేదాన్ని.

పాత పాటలు పాడుకునే గ్రూపు ఒకటుంది. ఎవరి పాట వాళ్లు రికార్డు చేసి పెడతాం. చర్చిలో పాడీ పాడీ నాది గట్టి గొంతే. శ్రీకాకుళం వైపు ఆయనొకరు నా పాటలు విని విడిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన మెసేజ్ రాని రోజు నాకు అన్నం సయించేది కాదు. ఇష్టపడ్డాను, దాపరికమెందుకు? ఒకరోజు ఫోటో అడిగారు.

గ్రూపులో చూపు సంగతి నేనెత్తలేదు. ఎత్తితే పాట వదిలేసి "అయ్యో పాపం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఈయనకు తెలియాలి. అందుకే తెల్లకర్ర పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి వదినతో ఫోటో తీయించుకున్నాను. వెనకాల ఏం పడిందో కూడా చూడమన్నాను.

"ఓలమ్మో! మీ అన్నయ్య పేరున్న బోర్డు, పక్కనున్న ఫ్యాక్టరీ గేటు, అన్నీ పడ్డాయి. ఎలాటోడో ఏటో, తిన్నగా ఇంటికొచ్చీగలడు. ఉండు, కత్తిరించెత్తాను," అంది.

కత్తిరించి ఇచ్చింది. పంపాను.

"చాలా బాగున్నారు," అని జవాబు. కర్ర ఊసే లేదు. ఎంత పెద్దమనసో అని మురిసిపోయాను. కొన్నాళ్లు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

తర్వాత ఆయన ఒక ఫోటో పంపి, "ఈ రెండు చీరల్లో మీకు ఏ రంగు నచ్చింది?" అని అడిగారు. నాకు చూపు లేదని తెలిసిన మనిషి అలా అడగడు.

"వదినా, ఆ ఫోటోలో నా కర్ర ఉందా?"

వదిన వచ్చి నా పక్కన కూర్చుంది.

"నేదు," అంది. "బోర్డుతో పాటు దాన్నీ తీసీసాను. అది నేకపోతే నువ్వెంత బాగున్నావో! మంచి సంబంధం సెడిపోద్దేమోనని..."

"వెనకాల ఏటి పడిందో సెప్పమన్నాను గానీ, నేనెలా కనబడాలో నిన్ను సెప్పమన్నానా?" అని అరిచేశాను. వదిన ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు గోడకు ఆనుకుని నేనే సెల్ఫీ తీసుకున్నాను. ముఖం మధ్యలో ఉందని ఫోనే చెప్పింది. కర్రను చెంప పక్కనే పట్టుకున్నాను.

"ఏటేటి పడ్డాయి?" అని వదినను అడిగాను.

"సున్నం గోడ. నువ్వు. కర్ర." అంతకు మించి ఒక్క మాట అనలేదు.

పంపాను. జవాబు వచ్చింది. ఎందుకో ఫోన్ గొంతు వేగం బాగా తగ్గించి, వదినకూ వినబడేలా పెట్టాను.

"మొన్నటి ఫోటోలో ఈ కర్ర లేదు. నన్ను మోసం చేద్దామనుకున్నారా?"

వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. రికార్డు బటన్ చప్పుడు వినబడింది.

"బాబూ, నాను దీని వదిన్ని. కర్ర దాసింది నాను, ఇది కాదు. తిట్టాలంటే నన్ను తిట్టండి."

అక్కడ ఆపి, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పంపీమంటావా?" అని నన్నడిగింది.