మా బావ సైటేషన్లు

మా బావ సుబ్బరాయుడికి సైటేషన్ల పిచ్చి. సైటేషనంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఎవరో శాస్త్రవేత్త పేపర్ రాస్తూ ‘ఈ సంగతి ఫలానా సుబ్బరాయుడు ముందే చెప్పాడు’ అన్నాడనుకోండి, బావకి ఒకటి పడ్డట్టు. గోపన్‌పల్లి దగ్గర ఒక సంస్థలో రోగనిరోధక శక్తి మీద ఆయన పరిశోధన. పొద్దున్నే లేచి దేవుడి పటం చూడడు, మా అక్క వాసంతి మొహం చూడడు, ఫోన్లో ఆ అంకె చూస్తాడు. పెరిగిన రోజు బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు కావాలంటాడు. పెరగని రోజు ఉగ్గానిలో ఉప్పు లేదంటాడు.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చంద్రయ్య ఇవి షేర్లనుకున్నాడు.

“సార్, ఇయ్యాల పెరిగినయా?”

“మూడు పెరిగినాయి చంద్రయ్యా! ఒకటి జపాన్‌ది!”

“జర మాకు గూడ చెప్పున్రి సార్. ఓ రెండు కొని పెట్టుకుంట.”

“అవి కొనేటివి కాదప్పా, సంపాదించుకోవాల!”

ఇంతలా దాస్తున్నాడంటే గట్టి షేరే అయ్యుంటుందని చంద్రయ్యకి నమ్మకం కుదిరిపోయింది.

మా చెల్లెలు శ్రావణి పెళ్ళిచూపులప్పుడు ఇంకా ఘోరం. హైటెక్ సిటీ అబ్బాయి జీతం చెప్పాడు, ఖాజాగూడలో ఫ్లాటు చెప్పాడు. బావ కదల్లేదు. “అదంతా సరే నాయనా, నీ హెచ్-ఇండెక్స్ ఎంత?” అన్నాడు. పరిశోధకుల పేపర్లకి గిరాకీ ఎంతుందో చెప్పే మార్కది. పాపం, ఆ అబ్బాయికేం తెలుసు? బెదిరిపోయి వాళ్ళమ్మ వంక చూశాడు. “షుగర్ మా నాన్నగారికి మాత్రమే ఉందండి,” అన్నాడు.

బావ డెంగీతో ఆసుపత్రిలో పడ్డప్పుడూ అంతే. ప్లేట్‌లెట్లు పడిపోయాయని డాక్టరు కంగారు పడుతుంటే, “అవి మళ్ళీ వస్తాయి లే డాక్టరూ. నా ఫోన్ యాడ పెట్టినారు?” అన్నాడట.

ఈ వైభవానికంతా మూలం ఒక్క పేపరే. ఎలుకల ప్లీహంలో ఒక రకం కణం ఒంట్లో వాపుని తగ్గిస్తుందని ఎప్పుడో రాశాడు. లోకమంతా దాన్నే పట్టుకుంది. బావ దానికి ఫ్రేము కట్టించి పెళ్ళి ఫోటో పక్కన తగిలించాడు. ఫ్రేము పెళ్ళి ఫోటో కన్నా పెద్దది. ఆ మాట అక్క దగ్గర ఎత్తకండి.

ఒక ఆదివారం నేను అక్కడే ఉండగా బావ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న తేజస్విని వచ్చింది. అక్క పెట్టిన ఉగ్గాని ముట్టలేదు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గోడ మీది ఫ్రేము వంకే చూస్తోంది.

“సార్... మీ కణం వాపుని తగ్గించడం లేదు సార్. వాపు తగ్గిపోయాక వస్తోంది. ఎన్నిసార్లు చేసినా అంతే.”

“అంటే గొడవ సద్దుమణిగాక వచ్చే పోలీసులాగానా?” అన్నాను. అక్క నా తొడ గిల్లింది.

ఇది అచ్చయితే బావ పేపర్ తప్పని లోకానికి తెలిసిపోతుంది. అచ్చవకపోతే ఈ పిల్ల ఇన్నేళ్ళ కష్టం గంగపాలు.

“వేరే టాపిక్ చేసుకుంటాను సార్,” అంది, లాప్‌టాప్ మూసేస్తూ.

బావ లాప్‌టాప్ లాక్కుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

“రాసెయ్,” అన్నాడు చివరికి. “నా పేరు మాత్రం తీసెయ్.”

ల్యాబులో ఎవరు పేపర్ రాసినా చివర గురువు పేరుండడం ఆనవాయితీ. తేజస్విని బిక్కచచ్చిపోయింది. “కోపమొచ్చిందా సార్?”

“కోపమెందుకు? నా పేరుంటే సొంత డబ్బా అంటారమ్మా, లెక్కలోకి తీసుకోరు. లేకుంటే నాకు ఒక సైటేషన్ ఖాయం! సుబ్బరాయుడిది తప్పని రాయాలన్నా సుబ్బరాయుడి పేరు రాయాల గదా!”

“ఛీ, సిగ్గు లేదా బావా నీకు?” అన్నాను. ఆయన బజ్జీలు అడిగాడు.

పేపర్ తేజస్విని ఒక్కదాని పేరుతోనే అచ్చయింది. టీకాల కంపెనీలో ఉద్యోగం కూడా వచ్చింది. ‘ఇది మీ గురువుగారు చేసిందేగా’ అని ఇంటర్వ్యూలో ఎవరికీ అనే వీల్లేకపోయిందట. అప్పుడు గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు.

బావ పేపర్ పేరు ఇప్పుడెవరూ ఎత్తడం లేదు. దిగాలు పడి ఉంటాడని మొన్న పొద్దున్నే వెళ్ళాను. గేటు దగ్గర ఫోన్ పట్టుకుని వెలిగిపోతున్నాడు.

“పెరిగినయా సార్?”

“ఐదు పెరిగినాయి చంద్రయ్యా!”

నాకు అనుమానమొచ్చి భుజం మీంచి తొంగి చూశాను. ఫోన్లో ఉన్న సైటేషన్ల పేజీ తేజస్వినిది.

“బావా, ఇది నీది కాదే!”

“కళ్ళజోడు లేదు రా గిరీషూ, ఏదో నొక్కినట్టుండాను,” అంటూ ఫోన్ జేబులో దోపుకున్నాడు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. “నిలబడతావేమి? పద పద. మీ అక్క బజ్జీలేస్తా ఉండాది.”