మావయ్య గొంతు లేని ఫైళ్లు

గుడివాడలో మా రికార్డింగు మావయ్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని పోయిన మంగళవారం పొద్దున్నే అత్తయ్య ఫోన్ చేశారు. నాకు ఆయనతో చుట్టరికం ఏమీ లేదు. ప్రార్థన కూటాలకి మైకులు పెట్టి, ఇంటి ముందుగదిలో క్రైస్తవ పాటలు రికార్డు చేసే ఆయన్ని అందరం మావయ్య అనీ, ఆయన భార్యని అత్తయ్య అనీ పిలిచేవాళ్లం. కబురు విన్నాక ఏడుపు రాలేదు, కాలు మాత్రం నిలవడం లేదు. ఇది కూడా నాలుగుసార్లు లేచి, వీధిలోకి వెళ్లొచ్చి రాస్తున్నాను.

మా పరిచయం ఒక ఈక్వలైజర్ దగ్గర మొదలైంది. బందరులో మా ఇంట్లో పాటలు రికార్డు చేసుకుంటున్న కొత్తలో నా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది. శబ్దంలో హెచ్చుతగ్గులు సరిచేసే ముప్పై ఒక్క మీటల ఈక్వలైజర్ కొంటే అంతా సర్దుకుంటుందని ఏదో వీడియోలో చూసి, ఏది కొనాలో అడుగుదామని గుడివాడ బస్సెక్కాను. ఆయన మర్నాడే మా ఇంటికొచ్చి, గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు.

"ఏరా అల్లుడూ, గది మోగుతుంటే మెషీన్ కొంటానంటావేంటి? దుప్పట్లు ఎక్కడున్నాయ్?"

మా అమ్మ బొంతలన్నీ గోడలకెక్కాయి. మైకు గోడ పక్క నుంచి ఇవతలికి జరిగింది. డబ్బా మోత పోయింది. అమ్మ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

"ముందు మంచి మైకు కొనుక్కో, తర్వాత మంచి హెడ్‌ఫోన్లు. ఈక్వలైజర్ నీ కంప్యూటర్లో ఉన్నది చాలు. అది పెంచడానికి కాదురా, అడ్డమొచ్చేదాన్ని తగ్గించడానికి" అనేవారు. నేను వింటేగా! ఆ ముప్పై ఒక్క మీటలదీ కొన్నాను. దాని మీదిప్పుడు దుమ్ము తుడిచే ఓపిక కూడా లేదు.

ఆయనకో అలవాటుండేది. ప్రతి పాటకీ ముందు మైకులో తనే చెప్పేవారు: పాట పేరు, పాడేవాళ్ల ఊరు, ఎన్నోసారి పాడుతున్నారో. చివర్లో "ఫ్యాన్ ఆపాం, కిటికీ మూశాం, కానివ్వండమ్మా" అనేవారు. రికార్డయిన పాటల్లో అనవసరపు చప్పుళ్లు తీసి శుభ్రం చేసే పని నాకప్పగించాక ఆ ముక్క నాకు చిరాకుగా ఉండేది. ఫైలుకి పేరు పెట్టుకుంటున్నాం కదా, ఇంకా ఇదెందుకని ప్రతిసారీ కోసేసేవాణ్ణి. డిస్కులో చోటు చాలక అసలు ఫైళ్లు కూడా తీసిపారేశాను. అప్పుడు అదో గొప్ప పనిమంతుడి లక్షణం అనుకున్నాను.

బుధవారం అత్తయ్య మళ్లీ ఫోన్ చేశారు. "ఆదివారం మీ మావయ్య కోసం పెడుతున్న ఆదరణ కూడికలో ఆయన గొంతు ఒక్కసారి వినిపించు నాయనా. ఫోన్లో వీడియో తీయబోతే పక్కకెళ్లిపోయేవారు. మా దగ్గర ఏమీ లేదు. నీ దగ్గరుంటుందిగా!"

ఉంటుందండీ అన్నాను. ఏ నోటితో అన్నానో! మూడు రోజులు వెతికాను. పాత డిస్కులు, పెన్‌డ్రైవులు, పామిడిముక్కల ఊళ్లో జరిగిన కూటాల ఫోల్డర్లు, మంగినపూడి దగ్గర జాలరి ఆడవాళ్లు పాడిన పాటలు. అన్నీ తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను. ప్రతి ఫైలూ సరిగ్గా పాట దగ్గరే మొదలవుతోంది. ఇంత శుభ్రంగా చేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

శనివారం వెళ్లి చెప్పేశాను. "కోసేశానండీ అత్తయ్యా. అన్నీ నేనే కోసేశాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. మావయ్య రికార్డు చేసిన, తను పాడిన పాట ఏదైనా ఉందా అని అడిగారు. ల్యాప్‌టాప్‌లో ఒకటుంది, వాయిద్యాలేమీ లేని ఉత్త గొంతు పాట. హెడ్‌ఫోన్లు ఆవిడకి పెట్టి, ఒక వైపు నేనూ చెవి ఆనించాను. పల్లవి అయిపోగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇక్కడ. వెనక్కి తిప్పు."

అక్కడేమీ లేదు. పల్లవికీ చరణానికీ మధ్య కాస్త ఖాళీ, అంతే.

"నేనిక్కడ ఎప్పుడూ తొందరపడేదాన్ని. ఆయన ఎదురుగా కూర్చుని, ఆగమని అరచెయ్యి చూపించేవారు. ఆ చెయ్యి దించాకే చరణం అందుకునేదాన్ని."

మళ్లీ పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని, ఆయన చెయ్యి దించేదాకా ఊపిరి బిగపట్టి ఆగారు. చరణం మొదలవగానే, "ఇంకోసారి" అన్నారు.